ఆ మోటారు ఎవరిది?

మన ముసల్మానుల ఇళ్లల్లో పాత ఫోటోలు తక్కువ. తస్వీర్ దించుకోవడం జాయెజా, నాజాయెజా అని పెద్దలు తర్జనభర్జన పడిన జమానా ఒకటుంది. హజ్ ప్రయాణానికో, రైల్వే నౌకరీకో తప్పనిసరైతే తప్ప కెమెరా ముందు నిలబడని బుజుర్గులు నాకు తెలుసు. అందుకే సందూఖ్ అడుగున ఒక్క ఫోటో దొరికినా అది ఖాందాన్ మొత్తానికి దౌలత్. అందులో దాదానో పర్‌దాదానో ఉండి, పక్కన ఒక మోటారు కారు కూడా ఉందంటే ఇక చెప్పేదేముంది! ఆ కారు చుట్టూ ఖిస్సాలు మొలుస్తాయి. "మా దాదాకు రోల్స్ రాయిస్ ఉండేది" అని ఒక ఇంట్లో, "ఊళ్లో తొలి మోటారు మనోళ్లదే" అని ఇంకో ఇంట్లో. ప్రతి పాత కారూ రోల్స్ రాయిసే, ప్రతి దాదా నవాబే.

ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో ఉన్నాను. ఆదివారం పేజీల కోసం గుంతకల్లు, గుత్తి, ఆదోని, బళ్లారి ఇళ్లల్లో ఇలాంటి ఫోటోలు ఎన్నో చేతిలోకి తీసుకున్నాను. ఫోటో కింద రాసే ఒక్క వాక్యంలో సంవత్సరం తప్పు పడితే మర్నాడు ఫోన్లు మోగుతాయి. ఆ భయంతోనే పాత మోటార్లను గుర్తుపట్టే హునర్ కొంచెం అబ్బింది. ఈసారి మాత్రం ఫోటో మా ఇంటిదే.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, 2020 మొదటి నెలల్లో మన ఇళ్లల్లో ఏం జరిగిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. సందూఖ్‌లు, బీరువాలు, అటకలు అన్నీ తిరగేశాం. బడి టీసీలు, రేషన్ కార్డులు, ఇంటి పన్ను రసీదులు, నికానామాలు. ఒక కాగజ్‌లో బీ, ఇంకో కాగజ్‌లో బేగం. ఒకదాంట్లో షేక్ ముందు, ఇంకోదాంట్లో వెనక. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా గుండె గుభేలుమనేది. గుంతకల్లులో మా పెద్దింట్లో ఆ వెతుకులాటలోనే ఫుప్పు పేటీలోంచి ఈ ఫోటో బయటికొచ్చింది.

అరచేయంత ఫోటో. టీ రంగుకు తిరిగింది. కప్పు వెనక్కి మడిచిన మోటారు, దాని బానెట్ పక్కన నిటారుగా మా దాదా. మోకాళ్ల దాకా కోటు, తలకు రుమాలు. ఎడమ చేయి బానెట్ మీద, గుర్రం మెడ మీద వేసినట్టు వేశారు. కుడి అంచు మాత్రం తిన్నగా లేదు, ఎవరో కత్తెరతో కత్తిరించారు.

మా భాయ్‌జాన్ కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో ఏదో యాప్‌తో దానికి రంగులేశాడు. కారు మెరూన్ రంగు, దాదా కోటు నీలం. కింద "1900. మా పర్‌దాదా, ఆయన రోల్స్ రాయిస్" అని రాసి ఖాందాన్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి నలభై మాషా అల్లాలు వచ్చి పడ్డాయి. అక్కడితో ఆగి ఉంటే నేనూ ఒక మాషా అల్లా కలిపి ఊరుకునేవాణ్ని. కానీ వాడు నాకు ఫోన్ చేసి, "చిచ్చా, ఇది సబూత్. 1900 నుంచి మనం ఇక్కడే ఉన్నామని సబూత్. ఫైల్లో పెడుతున్నా" అన్నాడు.

కాగజ్ చూపించమని అడిగే కాలంలో, మన చేతులతో మనమే ఒక గలత్ కాగజ్ తయారు చేసుకోవడమా? "ఆగు బేటా, ముందు మోటారును అడుగుదాం" అన్నాను.

మోటారును అడగడం అంటే ముందు దాని ముఖం చూడటం. మనిషికి ముఖం ఎలాగో పాత కారుకు రేడియేటర్ అలాగ. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తిరిగే ఆ జల్లెడ, దాని చుట్టూ ఉన్న చట్రం ఒక్కో కంపెనీకి ఒక్కో వాటంగా ఉండేది. రోల్స్ రాయిస్‌ది గుడి ముఖద్వారంలా పైన త్రికోణంగా, మొనదేలి ఉంటుంది. ఇంగ్లండు మోరిస్ తొలినాటి కార్లది ఎద్దు మూతిలా గుండ్రం. డాడ్జ్ బ్రదర్స్ రేడియేటర్ మీద రెండు త్రికోణాలు పెనవేసుకున్న ఆరు మూలల నక్షత్రం. అసలైన రోల్స్ రాయిస్ ముఖం చూడాలంటే హైదరాబాదు వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆగండి. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది, పసుపు రంగుది. లండన్‌లో బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే కన్నుమూశారు గనుక అది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలోకి వచ్చింది. దాని ముందు మా ఫోటో పట్టుకుని నిలబడితే పిల్లవాడైనా చెబుతాడు, ఇది ఆ ఖాందాన్ కాదని.

మా ఫోటోలో రేడియేటర్ చట్రం నల్లగా ఉంది. తల సాదాగా, కొంచెం గుండ్రంగా ఉంది. దాని నుదుటి మీద మసకగా ఒక వంపు తిరిగిన రాత, భూతద్దంలో చూస్తే మొదటి అక్షరం తోక కనబడుతుంది. ఫోర్డ్. ఒక్క రాతతో యకీన్‌కు రాకూడదు గనుక కిందికి చూశాం. ముందు ఇరుసు మీద విల్లులా వంగిన ఒకే ఒక స్ప్రింగు, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా ఉంది. ఆ కాలపు కార్లలో ఎక్కువ వాటికి రెండు స్ప్రింగులు పొడుగునా, చెరో పక్కన ఉండేవి. అడ్డంగా ఒకటే ఉండటం ఫోర్డ్ మోడల్ టీ పోలిక. చక్రాలకు కర్ర ఆకులు. లెక్కపెడితే పన్నెండు. అది కూడా సరిపోయింది.

మోడల్ టీ 1908లో మొదలై 1927లో ఆగింది. కోటిన్నరకు పైగా తయారయ్యాయి. మన వైపు వచ్చినవి ఎక్కువగా కెనడా ఫోర్డ్‌వి, ఎందుకంటే ఇంగ్లీషు వాళ్ల రాజ్యాలకు కుడి చేతి స్టీరింగుతో కార్లు పంపే వంతు కెనడా కంపెనీది. ఇక ఇందులోనే సంవత్సరం పట్టుకోవాలి. 1916 దాకా ఆ కారు రేడియేటర్ ఇత్తడిది, మన ఉగాల్‌దాన్‌లా మెరిసేది. 1917 మోడల్ నుంచి నల్ల రేకు. 1926 మోడల్‌కు బాడీ కిందికి దిగి వాటం మారింది. మా ఫోటోలో నల్ల చట్రం ఉంది, ఎత్తయిన పాత వాటం ఉంది. అంటే కారు పుట్టుక 1917కూ 1925కూ మధ్య. రంగు సంగతి కూడా తేలిపోయింది. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ నలుపు తప్ప ఇంకో రంగులో రాలేదు. యాప్ వేసిన మెరూన్ వట్టి ఖయాల్.

ఇక్కడ ఒక మాట. పెళ్లి బారాత్‌లకు అద్దెకిచ్చే వాళ్లు ప్రతి పాత కారునూ వింటేజ్ అంటారు. బ్రిటన్‌లో ఈ పాత కార్ల షౌఖీన్లు వాటిని వయసును బట్టి తరగతులు చేశారు. 1904 దాకా తయారైనవి వెటరన్. 1905 నుంచి 1918 దాకా ఎడ్వర్డియన్. 1919 నుంచి 1930 దాకా వింటేజ్. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా జరిగే కార్ల యాత్రలో 1905 కంటే ముందువే నడుస్తాయి. మీ ఇంటి ఫోటోలో కారు నిజంగా వెటరన్ అయితే ఆనవాళ్లు వేరుగా ఉంటాయి. వెనక సీట్లోకి ఎక్కే తలుపు పక్కన కాకుండా కారు వీపున ఉండొచ్చు, మన జట్కా బండిలాగ. ముందు సీటుకు తలుపే ఉండదు. దీపాలు కార్బైడ్ గ్యాసువో, నూనెవో. ముందు సీటుకు తలుపులు మామూలైపోయింది 1910 దాటాకే. అమెరికాలో క్యాడిలాక్ 1912 మోడల్‌కు కరెంటు దీపాలు, కరెంటు స్టార్టరు పెట్టాకే మిగతా వాళ్లూ ఆ దారి పట్టారు. మోడల్ టీకి కరెంటు హెడ్‌లైట్లు 1915 నుంచి.

మా వాడు ఊరుకోలేదు. "కారు 1917ది అయితే ఫోటో కూడా 1917దే కదా చిచ్చా, అదీ తక్కువేం కాదు" అన్నాడు. అక్కడే చాలామంది కాలు జారుతుంది. కారు చెప్పేది ఒక్కటే, ఈ ఫోటో నాకంటే పాతది కాదు అని. ఎంత కొత్తదో అది చెప్పలేదు. మన దేశంలో ఒక మోటారు నలుగురి చేతులు మారి, బాడీ ఊడి, ఇంకో బాడీ ఎక్కి, ముప్పై ఏళ్లు తిరగడం మామూలు. ఫోటో వయసు తెలియాలంటే ఇంకో గవాహీ కావాలి.

ఆ గవాహీ ఫోటో వీపున ఉంది. పెన్సిల్‌తో ఉర్దూలో ఒక వరస. ముందు గుంతకల్ అని, తర్వాత సన్ అని, అంకెలు. చివరి అంకె దగ్గర కాగితం పొర లేచిపోయింది. భాయ్‌జాన్ కూతురు చూసి "వన్, త్రీ, జీరో" అని చదివింది. ఇంగ్లీషు మీడియం బిడ్డ, దాని కంటికి గుండ్రంగా కనబడింది సున్నా. నేను ఉర్దూ మీడియం బడిలో పలక మీద దిద్దినవాణ్ని. ఉర్దూలో సున్నా అంటే చుక్క. తలకిందులు చేసిన తమలపాకులా గుండ్రంగా ఉండేది ఐదు. కాబట్టి అది నూట ముప్పై కాదు, నూట ముప్పై ఐదు. దాని పక్కన చిరిగిపోయిన ఇంకో అంకె. హిజ్రీ 1350 నుంచి 1359లోపు ఏదో ఒక సాలు. ఇంగ్లీషు లెక్కలో 1931 మే నుంచి 1941 జనవరి దాకా.

అది సున్నాయే అనుకున్నా మోటారు ఒప్పుకోదు. హిజ్రీ 1300 నుంచి 1309 అంటే 1882 నుంచి 1892. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నదే 1886లో. మన దేశంలో మోటార్లు అడుగుపెట్టింది 1890ల చివర్లో. ఇక ఈ ఫోర్డ్ అయితే అప్పటికి పుట్టనే లేదు. ఇలా కారు ఫోటో వెనక రాతను సరిచేస్తుంది, రాత కారు వయసుకు హద్దు గీస్తుంది. రెండూ కలిస్తేనే గవాహీ పూర్తవుతుంది.

అంటే ఏమిటి? ఫోటో తీసేనాటికి ఆ కారుకు తక్కువలో తక్కువ ఆరేళ్లు, ఎక్కువైతే ఇరవై దాటి ఉంటాయి. అది నవాబుల సవారీ కాదు. సెకండ్ హ్యాండు ఫోర్డ్.

ఇక మిగిలింది అసలు సవాల్. అది ఎవరిది?

పాత ఫోటోల్లో కారు యజమాని ఎక్కడ ఉంటాడో గమనించండి. వెనక సీట్లో కూర్చుంటాడు, లేదా ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి నిలబడతాడు. బానెట్ పక్కన, హ్యాండిల్‌కు దగ్గరగా నిలబడేది దాన్ని నడిపేవాడు. మా ఫోటోలో కత్తిరించిన అంచు దగ్గర, ఫుట్‌బోర్డు మీద, సగం బూటు మిగిలిపోయింది. దాని పక్కన చేతికర్ర మొన. ఒక మనిషిని ఫోటోలోంచి తీసేశారు గానీ పాదం మిగిలింది.

నేను ఆ బూటు మీద వేలు పెట్టి ఫుప్పు వైపు చూశాను. ఆమెకు అప్పటికి ఎనభై అయిదు దాకా ఉంటాయి. నా చిన్నప్పటి నుంచి "మా అబ్బా మోటారు" అనే చెప్పింది. ఆమె మనవళ్ల రిష్తాల దగ్గర కూడా ఆ మోటారు ప్రస్తావన వచ్చేది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కైకూ రే తవ్వుతావు? ఉన్నదాన్ని ఉండనీ" అంది. నేను ఫోటో ఆమె చేతిలో పెట్టి లేవబోయాను. "కూర్చో" అంది.

"కత్తిరించింది మా అమ్మీ. అబ్బా ఒక సాహుకారు దగ్గర డ్రైవరు. పదేళ్లు నడిపిండు ఆ గాడీ. యుద్ధం వచ్చి పెట్రోలు దొరకకపోయేసరికి సాహుకారు గాడీ అమ్మేసిండు. అబ్బాను పొమ్మన్నడు. ఆరు నెలల తన్‌ఖా బాకీ. ఎన్నిసార్లు పోయినా రేపు రా, ఎల్లుండి రా. అమ్మీ ఒకరోజు సరోతా పక్కనున్న కత్తెర తీసుకుని ఆ మనిషిని కత్తిరించి పొయ్యిలో వేసింది. అబ్బా ఏమీ అనలే."

ఇంట్లో అందరూ వింటున్నారు. ఎవరూ కదల్లేదు.

గుంతకల్లులో డ్రైవర్ అనే మాటకు ఎప్పుడూ ఇజ్జతే. నాలుగు దిక్కులకూ రైలు పోయే జంక్షన్ మనది, 1956 నుంచి డివిజన్ కేంద్రం కూడా. రైలు డ్రైవరు వస్తుంటే పిల్లలం దారి ఇచ్చేవాళ్లం. మరి మోటారు డ్రైవరు అనే మాటను మా ఇంట్లో ఎందుకు దాచారు? పని చిన్నదని కాదు. ఆ పని చేసి వట్టి చేతులతో ఇంటికి రావలసి వచ్చింది గనుక. ఆ అవమానాన్ని కప్పడానికి దాదీ ఒకరిని కత్తిరించింది, ఫుప్పు ఒక మాట మార్చింది. దాదా మాలిక్ అయిపోయారు.

నేను పిల్లలకు ఆ కారు నడపడం ఎలాగో చెప్పాను. మోడల్ టీకి కింద మూడు పెడల్స్ ఉంటాయి గానీ అవి ఇప్పటివి కావు. ఎడమది గేరు, మధ్యది రివర్సు, కుడిది బ్రేకు. పెట్రోలు ఎక్కువ తక్కువలకు కాలితో తొక్కేది లేదు, స్టీరింగు కింద చిన్న మీట. ఇంకో పక్క ఇంకో మీట, ఇంజన్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేయడానికి. ఆ రెండో మీటను వెనక్కి పెట్టకుండా ముందు హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఎదురు తన్నుతుంది, మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోవాలని నేర్పేవాళ్లు. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది, పెట్రోలు దానంతటదే పల్లానికి జారాలి. నిలువు ఎత్తు వస్తే ఇంజన్‌కు అందదు. అప్పుడు బండిని వెనక్కి తిప్పి, రివర్సులో గుట్ట ఎక్కించేవాళ్లు.

ఇది వింటూ ఫుప్పు తన కుడి మణికట్టు పట్టుకుంది. "అబ్బాది ఇక్కడ వంకర ఉండె. గుర్రం మీంచి పడిండని చెప్పేటోళ్లం. గుర్రం యాడిది? ఆ హ్యాండిలే కొట్టింది" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ కారుకు నీళ్ల పంపు లేదు, వేడెక్కిన నీళ్లు పైకి, చల్లబడినవి కిందికి వాటంతటవే తిరగాలి. మన అనంతపురం ఎండలో అది పొద్దుగూకులూ ఆవిరి కక్కేది. దాదా సీటు పక్కన ఎప్పుడూ నీళ్ల మష్క్ ఉండేదట. కరువు రోజుల్లో ఊరి బావి దగ్గర ఆపి నీళ్లడిగితే, "మనుషులకే లేవు, మోటారుకా?" అని తిట్టేవాళ్లట. దాదా ముందు ఆ ఆడవాళ్ల కుండలకు తానే చేదుకుని పోసి, తర్వాత మోటారుకు పోసుకునేవారట. ఏ రోల్స్ రాయిస్ ఖిస్సాలోనూ ఇంత రుచి నాకు తగల్లేదు.

సాహుకారు పొమ్మన్నాక దాదా బస్సు మీదికి పోయారు. యుద్ధంలో పెట్రోలుకు రేషన్, అందుకని బస్సుల వెనక బొగ్గు కొలిమి లాంటి డ్రమ్ము బిగించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. పొద్దున ఫజర్‌కు ముందే లేచి బొగ్గు రాజేస్తే తప్ప బస్సు కదిలేది కాదు. దాదా కోట్లన్నీ మసి వాసనే అని ఫుప్పు నవ్వింది.

మా వాడు ఆ రాత్రే గ్రూపులో పాత ఫోటో తీసేశాడు. రంగులు లేని అసలుది పెట్టాడు. "మరి ఇది సబూత్ కాదా చిచ్చా?" అని మాత్రం మళ్లీ అడిగాడు. చట్టం ముందు కాదు బేటా. అక్కడ పేరు, తారీఖు, ముద్ర ఉన్న కాగజ్‌లే కావాలి, వాటిని వేరే వెతుకుదాం. కానీ మన ముందు ఇది సబూతే. ఈ నేల మీద ఎండలో, దుమ్ములో పని చేసి బతికాం అని. తన్‌ఖా ఎగ్గొట్టినా ఊరు వదల్లేదు అని.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి తస్వీర్‌లు ఉంటాయి. చూసేటప్పుడు నాలుగు సంగతులు ఖయాల్‌లో పెట్టుకోండి. ఒకటి, ఫోటో తిరగబడి ముద్రపడి ఉండొచ్చు. స్టీరింగు ఎడమ పక్క కనబడితే వెంటనే అమెరికా కారు అనుకోకండి. షేర్వానీ గుండీలు ఏ వైపు ఉన్నాయో, నంబరు ప్లేటు అక్షరాలు తిన్నగా ఉన్నాయో చూడండి. రెండు, ఉర్సు మేలాల్లో స్టూడియోల వాళ్లు అట్ట మీద బొమ్మ గీసిన కార్లు పెట్టేవాళ్లు. చక్రం కింద నీడ పడిందా, టైరు నేలకు నొక్కుకుందా చూస్తే తేలిపోతుంది. మూడు, నంబరు ప్లేటు కనబడితే అది ఖజానా. ఏపీ 02 అని ఉంటే అనంతపురం జిల్లాది, 1989 తర్వాతిది. నాలుగు, రంగులేసే యాప్‌కు ఇచ్చే ముందు అసలు ఫోటోను ముందూ వెనకా స్కాన్ చేసి దాచుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. వెనక రాత ఉంటే ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లు ఉండగానే చదివించుకోండి. మా ఇంట్లో ఆ ఐదును ఐదుగా చదవగలిగింది ఆ రోజు ఇద్దరమే.

భాయ్‌జాన్ ఫోటోకు కొత్త ఫ్రేము చేయించాడు. ఫోటో మీద కాకుండా వేరే కాగితం మీద నాలుగు మాటలు రాసి వెనక పెట్టమన్నాడు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయడానికి కూర్చున్నాను. ఫుప్పు పక్కకొచ్చి కూర్చుంది. నేను "ఫోర్డ్ మోడల్ టీ" అని మొదలుపెట్టగానే నా చేయి ఆపింది.

"గాడీ పేరు తర్వాత. ముందు అబ్బా పేరు రాయి. దాని పక్కన డ్రైవర్ అని రాయి."